ఏడు గ్లాసుల పడి

నా చిన్నప్పుడు, నాకు పదో ఏడు నడుస్తున్న చలికాలంలో, మా వీధి పోగొట్టుకున్నవి ఏమిటో ముందు చెబుతాను. పది పడుల నూనె. ఒక కిలో తొమ్మిది వందల గ్రాముల సోడాకారం. ముప్పై అయిదు రోజుల ఎదురుచూపు. నూట ఇరవై బట్టల సబ్బులు. అందులో వాడినవి తొమ్మిది, గుంత తీసి పూడ్చినవి నూట పదకొండు. మూడు నూలు చీరలు, ఒక చొక్కా. అయిదుగురు ఆడవాళ్ల అరచేతుల చర్మం, అంటే పది చేతులు. ఇవన్నీ వేళ్ల మీద లెక్కకు వచ్చేవి. రానిది ఒకటుంది. మా పక్కింటి అక్క మాటకు వీధిలో ఉండిన విలువ. దాన్ని ఏ కొలతతో కొలవాలో నాకు ఇప్పటికీ తెలియదు. నేను బడిలో చదివింది అయిదో తరగతి దాకానే. తర్వాతి లెక్కలన్నీ సొంతంగా నేర్చుకున్నాను. ఈ ఒక్క లెక్క మాత్రం కోపంతో నేర్చుకున్నాను. నలభై రెండేళ్లయింది, ఆ కోపాన్ని చల్లారనివ్వలేదు.

మా ఊరు కోయిలకుంట్ల దగ్గర. నల్లరేగడి బట్టకు అంటితే ఒక పట్టాన వదలదు. బావి నీళ్లు ఉప్పు. అంగడి సబ్బు ఆ నీళ్లలో నురగ ఇవ్వదు గాని అరిగిపోవడం మాత్రం బాగా అరిగిపోతుంది. అందుకే ఆడవాళ్లు వంక గట్టున తెల్లగా పొంగిన చౌడుమన్ను గంపలకెత్తుకొచ్చి, అందులో బట్టలు నానబెట్టి ఉతికేవాళ్లు. పక్కింటి అక్క కోడుమూరు వైపు నుంచి మా ఊరికి కోడలిగా వచ్చింది. ఆమె మేనమామ ఇంటి వెనక సబ్బులు చేసి సంతలో అమ్మేవాడట. ఆయన దగ్గరే ఆమె ఆ పని నేర్చుకుంది. అక్క వాళ్లకున్నది రెండెకరాల మెట్ట. వాన పడితే తిండి, లేకపోతే కూలి. జొన్నకోతలకు ఏటా మా చేలోకే వచ్చేది. ముందు వీధికి సబ్బు చేసి మెప్పిస్తే, తర్వాత కోయిలకుంట్ల సంతలో గోనెపట్ట పరుచుకుని అమ్ముకోవచ్చని, మరుసటి ఏటికి కొడవలి చూరులో దోపేయవచ్చని ఆమె ఆశ. ఆ ఆశను నాతో చాలాసార్లు చెప్పింది. ఆమె మాటలు ఓపిగ్గా వినేదాన్ని నేనొక్కదాన్నే.

దీపావళి వెళ్లాక ఏడిళ్ల వాళ్లు నూనె కలపడానికి ఒప్పుకున్నారు. మూడిళ్లు రెండేసి పడులు, నాలుగిళ్లు ఒక్కో పడి. వంటకు పనికిరాని పాత వేరుశనగ నూనె, కొంత వేపనూనె. పడి నూనెకు పన్నెండు సబ్బులు వస్తాయని, ఎవరు పోసిన నూనెకు తగ్గట్టు వాళ్లకు ఇస్తానని అక్క చెప్పింది. నిండు పడి నూనెకు నూట తొంభై గ్రాముల కాస్టిక్ సోడా. అది ఆమె మేనమామ ఇరవై ఏళ్లు వాడిన లెక్క.

నూనె కొలిచింది మా ఇంటి పడితో. ఇక్కడ మా జేజినాయన గురించి, అంటే మా నాయన వాళ్ల నాయన గురించి చెప్పాలి. ఊళ్లో మాది పెద్ద రైతుల ఇల్లు. మా ఇనుప పడిని అందరూ పెద్దింటి పడి అనేవాళ్లు. ఇద్దరి మధ్య ధాన్యం దగ్గర మాట తేడా వస్తే ఆ పడి తెచ్చి కొలిచేవాళ్లు. కూలి జొన్నలు కొలిచేదీ దానితోనే. నాకు అంకెలు నేర్పింది మా జేజినాయనే. కళ్లంలో రాశి పక్కన నన్ను కూర్చోబెట్టుకుని, మొదటి పడికి ఒకటి అనకుండా ‘లాభం’ అని, తర్వాత రెండు, మూడు అని నా చేత ఎలుగెత్తి చెప్పించేవాడు. ఆ రోజు నూనె కొలిచింది కూడా నేనే. లాభం, రెండు, మూడు అంటూ పది దాకా. నూనె కారిన చేతులు పావడాకు తుడుచుకుని, పెద్ద పని చేసినట్టు అందరి వైపూ చూశాను.

సబ్బు చేసిన రోజు పిల్లలను ఎవరినీ అక్క దగ్గరికి రానివ్వలేదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, కుందూ ఏటి నీళ్లు నింపిన కుండలోకి సోడా కొద్దికొద్దిగా వేసింది. “నీళ్లల్లోకే సోడా వేయల మే, సోడాలోకి నీళ్లు పోస్తే ఎగిరి మొగం మీదికి వస్తాది” అని దూరం నుంచే నాకు చెప్పింది. పొయ్యి లేకుండానే కుండ కాగింది. అది చల్లారే దాకా కూర్చుని, అప్పుడు నూనెలో సన్నటి ధారగా పోస్తూ వేపకట్టెతో ఒకే వైపుకు తిప్పింది. రెండు గంటలు తిప్పింది. కట్టెతో పైన గీత గీస్తే గీత నిలిచింది. అప్పుడు తడిగుడ్డ పరిచిన చెక్క చట్రంలోకి పోసి, మర్నాడు తీగతో కోసింది. నూట ఇరవై. ఒక్కటి తగ్గలేదు, ఒక్కటి వంకర పోలేదు.

నాలుగు వారాలు నీడలో ఆరబెట్టాలంది. ఆరబెట్టింది. ఆ తర్వాత ఒక సబ్బును నాలికకు తాకించి చూసి మొహం చిట్లించింది. సుర్రుమంటోందని, ఇంకొన్నాళ్లు ఆగుదామని అంది. వారం ఆగారు. ముప్పై అయిదో రోజు ఎవరూ ఆగలేదు. అయిదిళ్ల నుంచి వచ్చి తొమ్మిది సబ్బులు తీసుకుపోయారు.

మర్నాడు పొద్దెక్కేసరికి ఎదురింటి చిన్నమ్మ అరచేతులు చాపుకుని వచ్చింది. ఉడికించి ఒలిచిన గడ్డల్లా ఉన్నాయి. “ఏందే తల్లీ, నువ్వు చేసింది సబ్బా, సున్నమా?” అంది. ఆమె వెనకే ఇంకో నలుగురు. ఒకామె మొగుడి చొక్కా పైకెత్తి చూపించి, “చూడండమ్మా, కాలరు మిగిల్యాది, చొక్కా పోయింది. ఇంక ఆయప్ప కాలరు ఏసుకోని సేద్యానికి పోతాడు” అంది. అందరూ నవ్వారు. నవ్వుతూనే తిట్టారు. అక్క ఒక్కొక్కరి చేతికీ వెన్న రాస్తూ, తలెత్తకుండా, ఒకే మాట అంటూ వచ్చింది. తన లెక్క తప్పు కాదని.

ఆ సాయంత్రం మా అరుగు మీద తీర్పు జరిగింది. మా జేజినాయన కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. అందుకే ఊరు ఆయనను ధర్మాత్ముడు అనుకుంది.

“ఏదో నోటికొచ్చిన నెంబరు చెప్పినావు. ఇంతమంది చేతులు కాలినాయి” అన్నాడు.

“పెద్దనాయనా, నెంబరు తప్పు గాదు. మా మామ ఇరవై ఏండ్లు ఇదే నెంబరుతో చేసినాడు.”

“అట్లయితే నీ చేతిలో ఉండాదిలే తప్పు.”

మిగిలిన నూట పదకొండు సబ్బులూ అప్పటికప్పుడు మా పాలేరు చేత గుంత తీయించి పూడ్పించాడు. పది పడుల నూనెకు గాను వచ్చే జొన్నకోతలో అక్క కూలి పట్టుకుంటానని, నూనె పోసినవాళ్లకు తానే సర్దుతానని చెప్పాడు. కోత పద్నాలుగు రోజులు, రోజుకు నాలుగు పడుల జొన్నలు, మొత్తం యాభై ఆరు పడులు. నూనె పోసినవాళ్లకు ఆయన ఒక్క గింజ సర్దలేదు. అడిగినవాళ్లూ లేరు.

మర్నాడు అక్క నన్ను పిలిచింది. ఏడ్చి ఉంటుందనుకున్నాను. ఏడవలేదు. గచ్చు మీద కూర్చుని ఒక్కొక్కటే తీసివేస్తోంది. సోడా అంగడిలో తన కళ్లముందే తూచారు, పొట్లం కాగితం మీద బరువు రాసి ఉంది, అది కాదు. నూనె కల్తీ అయితే సబ్బు గట్టిపడేదే కాదు, అదీ కాదు. ఇంక మిగిలింది కొలత. “నేను కొలిచిందాంట్లో ఏదో ఒకటి అబద్ధం చెప్తాంది మే. మీ పడి ఒకపారి తెస్తావా, జొన్నలు కొలుచుకోని ఇస్తా” అంది. తెచ్చాను.

ఆమె పుట్టింటి పడి ఒకటి అటక మీద ఉండేది. దాన్ని దించింది. ఒక కంచుగ్లాసు నా చేతికిచ్చి రెండింటిలోనూ నీళ్లు పోయమంది. ఆమె పడిలో సరిగ్గా ఎనిమిది గ్లాసులు పట్టాయి. మా పడిలో ఏడో గ్లాసుకే అంచు తాకింది. ఎనిమిదో గ్లాసు నా కాళ్ల మీద పోయింది. లెక్క తప్పానేమోనని పారబోసి మళ్లీ పోశాను. మూడుసార్లు పోశాను. మూడుసార్లూ ఏడు. అక్క ఒక జొన్నపుల్ల తీసుకుని మా పడి ఎత్తు బయట కొలిచి, అదే పుల్లను లోపల నిలబెట్టింది. లోపల వేలి మందం తక్కువ. పిన్నీసుతో అడుగున గీకింది. పడి లోపలికి సరిగ్గా కత్తిరించి పెట్టిన రేకు, దాని కింద ఎర్రగా లక్క.

అప్పుడు ఆమె నాకు నెమ్మదిగా చెప్పింది. ఎనిమిది గ్లాసుల నూనెకు సరిపోయే సోడాను ఏడు గ్లాసుల నూనెలో పోశామని. తినడానికి నూనె దొరకని సోడా ఊరికే ఉండదని, చెయ్యి తింటుందని. పడీ పావు నూనె అదనంగా పోసి మళ్లీ ఉడికించి ఉంటే నూట ఇరవై సబ్బులూ బాగుపడేవని. ఆ మాట అన్నప్పుడు మాత్రం గుంత తీసిన వైపు చూసింది. అది మరమ్మతుకు లొంగే తప్పే. ఆ మరమ్మతు తెలిసిన మనిషిని ఒక్క మాట అడగకుండా మన్ను కప్పారు.

“పడి యాడిది ఆడ పెట్టు. ఎవురికీ చెప్పగాకు. రేపు పొద్దున అందురి ముందర నువ్వే పోసి చూపిద్దువు” అంది. ఆ పని నాకు అప్పజెప్పినందుకు నేను నేల మీద నడవలేదు.

ఇక్కడే నేను చేసిన పని ఉంది. నాకు తోచిందేమిటంటే, మా జేజినాయనను ఎవరో మోసం చేశారు. పడి చేసిన కమ్మరి కావచ్చు, అమ్మినవాడు కావచ్చు. పెద్దింటి పడి తప్పని ఆయనకు తెలిస్తే ఎంత బాధపడతాడు, వీధి ముందు తెలిసేకన్నా ముందే చెబితే నన్ను ఎంత మెచ్చుకుంటాడు అనుకున్నాను. మధ్యాహ్నం ఆయన తమలపాకులకు ఈనెలు తీస్తుంటే వెళ్లి అంతా చెప్పాను. ఏడు గ్లాసులు, జొన్నపుల్ల, రేకు, లక్క, రేపు పొద్దున జరగబోయేది. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. ఎన్ని గ్లాసులో మాత్రం రెండోసారి చెప్పించుకున్నాడు. తర్వాత లేచి నా చేతిలో బెల్లంగడ్డ పెట్టి, “ముందు నాకు చెప్పినావు, మంచి పని చేసినావు. లెక్క ఎప్పుడైనా ముందు ఇంట్లో చెప్పల” అన్నాడు. సాయంత్రం పెరట్లో నీళ్లపొయ్యి దగ్గర నుంచి లక్క కాలిన వాసన వచ్చింది. గాజులమ్మేవాళ్ల మలారం మూట దగ్గర వచ్చే వాసనలా ఉందని, బాగుందని అనుకున్నాను. బెల్లం చప్పరిస్తూ అనుకున్నాను.

పొద్దున అరుగు ముందు ఏడిళ్ల వాళ్లూ, ఇంకా చాలామందీ చేరారు. పడి తక్కువుందని అక్క గట్టిగానే చెప్పింది. మా జేజినాయన పడి తెప్పించి మధ్యలో పెట్టించాడు. అక్క కంచుగ్లాసు నాకిచ్చింది. నేను పోశాను. ఏడు పోసేసరికి ఇంకా చోటుంది. ఎనిమిదోది పోశాను. అంచుకు సరిగ్గా వచ్చి ఆగింది. ఒక్క చుక్క కింద పడలేదు.

“చూసినారు గదప్పా” అన్నాడు ఆయన. అంతే అన్నాడు. మిగిలింది జనం అన్నారు. చేతులు కాల్చింది చాలక పెద్దింటి పడికే పేరు పెడుతుందా అన్నారు. అక్క ఆయన వైపు చూడలేదు, జనం వైపూ చూడలేదు. నా వైపు చూసింది. నేను ఎక్కడికి వెళ్లానో, ఎవరికి చెప్పానో, ఆ ఒక్క చూపులో కూడుకుంది. నాకూ అప్పుడే అర్థమైంది. లక్క వాసన గురించి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. నోరు తెరవలేదు. నాకు భయం వేసిందని ఇప్పుడు రాయవచ్చు. అది నిజమే. కాని అక్కకు దానితో ఏం పని?

ఫాల్గుణంలో కోతలు జరిగాయి. అక్క పద్నాలుగు రోజులు వంగి కోసి, వట్టి గంపతో ఇంటికి పోయింది. మిగిలిన కూలీలకు జొన్నలు కొలిచేటప్పుడు ఒక ముసలామె మూట ఎత్తి చూసుకుని, “ఈసారి పడి పెద్దదయిండాదే” అంది. రాశి దగ్గర కూర్చున్న నేను తర్వాతి అంకె చెప్పాను.

వేసవిలో అక్క మళ్లీ సబ్బు చేసింది. ఈసారి మూడిళ్ల వాళ్లే, అదీ చాటుగా, మూడు పడుల నూనె ఇచ్చారు. అదే నెంబరు, అదే చెయ్యి. పంతం పట్టి మా పడితోనే కొలిపించింది. ముప్పై ఆరు సబ్బులు వచ్చాయి. ఉప్పునీళ్లలో కూడా నురగ వచ్చింది, ఎవరి చెయ్యీ మండలేదు. ఉతుక్కున్న ప్రతి ఆడమనిషికీ ఆ రోజే తెలిసిపోయింది, చలికాలంలో తప్పు ఎక్కడుండిందో. చేతులకే తెలిసింది గదా. ఒక్కరూ అరుగు దగ్గరికి వచ్చి ఆ మాట అనలేదు. కనీసం అక్కతోనైనా అనలేదు. పడికి లక్క పోసినవాడి మీద నాకెంత కోపమో, తెల్లగా ఉతికిన చీరలు కట్టుకుని మాట్లాడకుండా తిరిగిన వాళ్ల మీదా అంతే. సంతలో అక్క గోనెపట్ట పరవనే లేదు. చేతులు కాల్చే సబ్బు అన్న పేరు ఆమె కంటే ముందే కోయిలకుంట్ల చేరింది. రెండేళ్లకు వాళ్లు రెండెకరాలూ అమ్ముకుని కోడుమూరు వైపు వెళ్లిపోయారు. కొన్నది మేమే.

ఇప్పుడు నేను కూడా ఇంట్లోనే బట్టల సబ్బు చేసుకుంటాను. నూనెను పడితో కాదు, తక్కెడలో తూస్తాను. తక్కెడ పళ్లేలు మార్చి రెండోసారి తూస్తాను. మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. ఆ పడి నంద్యాలలో మా తమ్ముడి కొత్త ఇంట్లో, ముందుగదిలో, అద్దాల బీరువాలో ఉంది. పసుపు కుంకుమ పెట్టి, చింతపండుతో తోమి పెట్టాడు. వచ్చినవాళ్లకు చూపించి, మా జేజినాయన న్యాయంగా కొలిచిన పడి అంటాడు. వాళ్లు దాన్ని ముట్టుకుని కళ్లకు అద్దుకుంటారు. నేనున్నప్పుడూ అద్దుకున్నారు.

పోయిన ఏడాది జొన్నల మూటలు ఆటోలో వేసుకుని కోడుమూరు వెళ్లాను. అక్కకు డెబ్భై దాటాయి. నన్ను పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. మూటలు చూసి ఎవరు పంపారని అడిగింది. నేనే తెచ్చానని చెప్పాను.

“నువ్వు నాకేం బాకీ లేవు మే. ఆ పొద్దు నువ్వు పదేండ్ల పిల్లవి.”

“చెప్పింది నేనే గదక్కా.”

“చెప్పింది నువ్వే. కరిగించింది నువ్వు గాదు గదా. బాకీ ఉండేది ఆ ఇల్లు. ఆ వీధిలో, ఆ పడితోనే కొలవల. ఇది నీ కూలి అని అందురికీ ఇనపడేటట్టు నోటితో చెప్పల. అట్లయితే తీసుకుంటా. తీసుకోని ఏం జేస్తా, కోళ్లకు ఏస్తా. అది నా ఇష్టం.”

మూటలు తిరిగి ఆటోలో పెట్టించింది. వచ్చేటప్పుడు రెండు సబ్బులు కాగితంలో చుట్టి ఇచ్చింది. దారిలో ఒకటి నాలికకు తాకించి చూశాను. చప్పగా, మెత్తగా ఉంది.

తమ్ముడిని అడిగాను. ఒక పూట ఊరికి పడి తీసుకురా, నేను పక్కన నిలబడి లెక్క చెబుతాను అన్నాను. “చచ్చిపోయినోళ్ల లెక్కలు ఇప్పుడెందుకక్కా” అన్నాడు. ఆమె బతికే ఉందిరా అన్నాను. ఆ తర్వాత వాడు ఫోను చేయడం తగ్గించాడు.

ఆ రోజు నుంచి నాతో ఉన్నది ఒక్క అలవాటు. ఏ లెక్కలోనైనా తేడా కనబడితే, దాన్ని ముందు నష్టపోయినవాళ్లకే చెబుతాను. ఇంట్లో చెప్పను. బెల్లం పెట్టేవాళ్లకు అసలు చెప్పను. అక్క కోరినట్టు ఆ వీధిలో చెప్పించలేకపోయాను కాబట్టి, చదివేవాళ్ల ముందైనా చెబుదామని ఇది రాస్తున్నాను. సబ్బు చేసిన ఏటికి ముందు అక్క మా చేలో ఎనిమిది కోతలు కోసింది. కోతకు యాభై ఆరు పడుల చొప్పున మేము కొలిచి ఇచ్చింది నాలుగు వందల నలభై ఎనిమిది పడులు. ప్రతి పడిలో ఎనిమిదో వంతు లక్కే కాబట్టి తక్కువ పడింది యాభై ఆరు. అంటే ఎనిమిది కోతలు కోసి ఏడు కోతల కూలి తీసుకుంది. తొమ్మిదో కోతకు అసలు ఇవ్వనిది ఇంకో యాభై ఆరు. మిగిలిన కూలీలు ఎన్ని రోజులు వచ్చారో నాకు తెలియదు కాబట్టి వాళ్లను ఇందులో కలపలేదు. పాడైన నూనె కలపలేదు, పూడ్చిన సబ్బులు కలపలేదు, వడ్డీ కట్టలేదు. మా ఇల్లు ఆమె ఒక్కదానికి, మా పడితో, ఎనిమిది గ్లాసులు పట్టే పడితో, ఇప్పటికీ కొలవాల్సిన జొన్నలు నూట పన్నెండు పడులు.